తెర ముందు ఎవరున్నారు? నిమ్మలకుంట తోలుబొమ్మలాట, కరవుసీమ ప్రేక్షకులు

తెలుగు నాటకరంగ చరిత్రలో అనంతపురం ప్రాంతానికి పెద్దపీటే ఉంది. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ ఈ నేల బిడ్డలే. కానీ ఆ చరిత్ర చాలావరకు పట్టణ సభలది, చదువుకున్న ప్రేక్షకులది. అక్షరం రానివారికి, పగలంతా చేలో ఉండేవారికి, వాళ్ళ పిల్లలకు నాటకం చూపినవి తోలుబొమ్మలాట కుటుంబాలు. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో (2022 నుంచి ఇది శ్రీ సత్యసాయి జిల్లా) ఆ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వారు జనాన్ని ఎలా చేరుకున్నారో, ఆ దారి ఎక్కడ తెగిందో చూడటం ఈ వ్యాసం పని.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పంట చేతికొచ్చాక ఊరికి దొరికే కొద్దిపాటి తీరికలోనే ఆటగాళ్ళు దిగేవారు. ఊరి నడుమ తెల్లబట్ట తెర, దాని వెనక ఆముదపు దీపాలు, మద్దెల, హార్మోనియం, తాళాలు. ఇంతకుమించి రంగస్థలం అక్కర్లేదు. ఆట తెల్లవారేదాకా సాగేది కాబట్టి పశువులకు మేత వేసి ఆలస్యంగా వచ్చినవారికీ చోటుండేది. కథ అందరూ ఎరిగిన రామాయణ భారతాలదే కనుక ఎక్కడ కూర్చున్నా అందుకోవచ్చు. రంగనాథ రామాయణం వంటి ద్విపద కావ్యాలు చదవలేనివారి చెవికి చేరింది ఎక్కువగా ఇలాంటి గొంతుల మీదుగానే. నిద్రకు తూలే పిల్లలను లేపడానికి హాస్య పాత్రలు జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఉండనే ఉన్నారు. వారి మాటల్లో ఊరి గొడవలు, ఆ ఏటి ధరలు, అప్పులు కూడా దొర్లేవి. పురాణం పక్కనే పల్లె బతుకును నిలబెట్టే ఆ పాత్రలను పరిశోధకులు హాస్యపు తునకలుగా తీసిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మరో సంగతి ఇంకా ముఖ్యమైనది. విరాటపర్వం ఆడితే వాన కురుస్తుందని ఊళ్ళ నమ్మకం. అందువల్ల గింజ పండని ఏడాది కూడా ఆటగాళ్ళకు పిలుపు వచ్చేది. వినోదం కొనుక్కోలేని కాలంలో ఊరు చందాలు వేసుకుని నాటకాన్ని పిలిపించుకుంది. వెనకబడిన ప్రేక్షకులను చేరుకోవడం గురించి ఇవాళ రాస్తున్న పథకాలన్నీ ప్రేక్షకుడిని చేయి చాచినవాడిగానే చూస్తాయి. ఇక్కడ పిలిచేది ప్రేక్షకుడే.

ఈ కళాకారుల ఇంటి భాష మరాఠీ, ఆట భాష తెలుగు. కుటుంబమే దళం. స్త్రీ పాత్రలకు ఆడవారే పాడి పలికేవారు. రంగస్థలంపైకి స్త్రీలు రావాలని రాఘవ పట్టుబట్టే నాటికే తెర వెనక ఆ పని జరిగిపోతోంది. కడప జిల్లా సురభిలో 1885లో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజం కూడా ఇలాంటి మరాఠీ బొమ్మలాట కుటుంబాల నుంచి పుట్టినదే.

సినిమా, టీవీ ఆటను దెబ్బతీశాయన్న మాట నిజమే కానీ సగం నిజం. వరుస కరవులతో బెంగళూరుకు వలసపోయిన ఊళ్ళో చందా వేసేవారు ఎవరు? పిలుపు ఆగాక కుటుంబాలు అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు చేశాయి. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది, అదీ హస్తకళగా. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. ఆ చేతిపనే ఆ ఇళ్ళకు అన్నం పెడుతోంది, దాన్ని తక్కువ చేయలేం. అయితే ల్యాంప్‌షేడ్ నగరంలోని ఇంటికి చేరుతుంది, పక్క ఊరి పిల్ల మాత్రం బొమ్మ ఆడటం చూడకుండానే పెరుగుతోంది. ఇండోనేషియా వయాంగ్‌కు 2003లో యునెస్కో ఇచ్చిన గుర్తింపు బొమ్మలాట ప్రదర్శనకు. మనం బొమ్మను కాపాడి ఆటను వదిలేశాం.

వలసవెళ్ళిన తల్లిదండ్రుల పిల్లలు చాలామంది ఇప్పుడు కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, సంక్షేమ వసతిగృహాల్లో ఉన్నారు. రాత్రి భోజనాల తర్వాత వారికి గంటసేపు ఆట చూపించి, మర్నాడు తెర వెనక్కి పిలిచి బొమ్మ కర్ర చేతికివ్వాలి. గంటకు కుదిస్తే సంప్రదాయం చెడుతుందనే అభ్యంతరం ఉంది. చూసేవారే లేకపోతే రాత్రంతా సాగే సంప్రదాయం ఎవరికోసం? పాట, సంవాదం, పోలిగాడి చురుకు గంటలోనూ నిలుస్తాయి. పిల్లలకు తెలిసిన కరవు, వలస, చదువు మాన్పించే పెళ్ళి పోలిగాడి నోట కొత్తగా పలకవచ్చు. దళానికి ప్రయాణపు ఖర్చు, ఆటకింత అని పారితోషికం ప్రభుత్వమే ఇవ్వాలి. ఆ సొమ్ము హస్తకళల పద్దులో కాదు, పాఠశాల విద్య పద్దులో ఉండాలి.