దారం ఎవరిది?

పోయిన చలికాలం చేతులు లేని పొడుగు జాకెట్ ఒకటి క్రోషియాతో అల్లాను. నమూనాలో ఉన్ని వాడమని స్పష్టంగానే ఉంది. హైదరాబాదులో ఉన్నెందుకులే అని లావుపాటి నూలుదారం కొన్నాను. రెండు నెలలు పట్టింది. ఒళ్ళో పెట్టుకుని అల్లినన్నాళ్ళూ ముద్దుగానే ఉంది. తడిపి దండెం మీద ఆరేశాక మర్నాటికి మోకాళ్ళు దాటింది. భుజాలు మోచేతుల మీదికి జారాయి.

పెద్దమ్మకు చూపించాను. నర్సాపురం దగ్గర పల్లెలో నలభై ఏళ్ళు లేసు పని చేసిన మనిషి. అంచు పట్టుకుని ఒకసారి లాగి చూసింది.

"నూలు కదే! సాగితే సాగినట్టే. ఉన్నయితే మళ్ళీ దగ్గరికొస్తుంది. దీని బరువే దీన్ని లాగేసింది."

"మరి నువ్వు ఏ పనికి ఏ దారం కొనేదానివి?"

"నేను కొనడమేమిటే? ఏజెంటు ఏదిస్తే అదే."

గోదావరి జిల్లాలకు లేసు పని పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. పేద స్త్రీలకు ఇంటిపట్టున నాలుగు డబ్బులొస్తాయన్నది ఉద్దేశం. క్రమంగా అది ఎగుమతి వ్యాపారమైంది, వ్యాపారం మగవాళ్ళదైంది. గడప దాటకపోవడాన్ని పరువుగా భావించే కాపు కుటుంబాల ఆడవాళ్ళూ ఇందులోకి వచ్చారు. 1970ల చివర ఇక్కడ పరిశోధన చేసిన మరియా మీస్ 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ప్రచురించింది. రోజంతా అల్లే స్త్రీని 'గృహిణి' అనీ, ఆమె పనిని తీరికవేళ కాలక్షేపమనీ అనడంవల్లే ఆ కూలి అంత తక్కువకు దిగిందని ఆమె వాదన. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది. పూర్తయిన దుప్పటి ఎలా ఉంటుందో చూడని వాళ్ళే ఎక్కువ.

పీహెచ్‌డీ కోసం ఆ పుస్తకం చదివినప్పుడు నా నోట్సంతా 'గృహిణి' అనే మాట చుట్టూనే తిరిగింది. దారం గురించి ఒక్క వాక్యం రాసుకోలేదు. ఇప్పుడనిపిస్తోంది, తప్పు దారం ఎంచుకుని రెండు నెలలు పాడుచేసుకోవడానికి కూడా ఒక స్థితి కావాలని. దారం నాది, సమయం నాది, పాడైతే అడిగేవాళ్ళు లేరు. నూలు సాగుతుందని చేతివేళ్ళతో తెలిసిన పెద్దమ్మకు మాత్రం దారం ఎంచుకునే సందర్భమే రాలేదు. (2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అది పేరునీ చోటునీ కాపాడుతుంది, కూలి రేటు మాట ఎత్తదు.)

"అల్లిక తప్పు పోతే ఏం చేసేదానివి?" అన్నాను.

"విప్పి మళ్ళీ అల్లేదాన్ని. కూలి పువ్వులకే గాని విప్పినదానికి లేదుగా."

జాకెట్ విప్పేశాం. నేను లాగుతుంటే ఆమె ఉండలు చుట్టింది, నాకంటే రెట్టింపు వేగంగా. ఆ ఇంట్లో తను అల్లిన లేసు ముక్క ఒక్కటీ లేదని అప్పుడే గమనించాను. చివరి రెండు ఉండలు ఒళ్ళో పెట్టుకుని, "ఇవి నేనుంచుకోనా?" అని అడిగింది.