ప్రభువు బల్ల దగ్గర గీసిన గీత



గలతీ పత్రిక రెండో అధ్యాయంలో పౌలు పేతురును అందరి ఎదుటా నిలదీసిన సంగతి మనకు తెలుసు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్నాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే భయపడి వెనక్కి తగ్గి వేరైపోయాడు. ఆయన ఏ తప్పుడు బోధా చెయ్యలేదు, పంక్తి మార్చాడు, అంతే. అయినా పౌలు దాన్ని భోజన మర్యాదల విషయంగా చూడలేదు. సువార్త సత్యమే దెబ్బ తింటోందని చూశాడు. ఈ వారం మనం ధ్యానించే చరిత్ర, పేతురు చేసిన పనినే ఒక సంఘమంతా కలిసి చేసిన చరిత్ర. అది దక్షిణాఫ్రికా దేశానిది.

1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ వాళ్ళు కేప్ తీరంలో దిగారు. తూర్పు దేశాలకు వెళ్ళే ఓడలకు నీళ్ళు, కూరగాయలు, మాంసం అందించడానికి అక్కడొక మజిలీ కావాలి. వాళ్ళతో పాటే డచ్ రిఫార్మ్‌డ్ సంఘం వచ్చింది. వాళ్ళ వెనకే బానిసల ఓడలూ వచ్చాయి. మడగాస్కర్ నుంచి, ఇండోనేసియా దీవుల నుంచి మాత్రమే కాదు, మన బంగాళాఖాతం తీరాల నుంచి కూడా మనుషులను పట్టుకుపోయారు. ఆ బానిసల్లో, స్థానికుల్లో కొందరు క్రీస్తును నమ్మి బాప్తిస్మం పొందారు. అప్పుడు ప్రశ్న పుట్టింది: వీళ్ళూ మనమూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరవాలా?

1829లో ఆ సంఘపు సినడ్ దీనికి సూటిగా జవాబిచ్చింది. రంగు చూడకుండా, పుట్టుక చూడకుండా సభ్యులందరికీ ఒకేసారి ప్రభు రాత్రి భోజనం ఇవ్వాలి, ఇది దేవుని వాక్యం మీద నిలిచిన నియమం అన్నది. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు.

28 ఏళ్ళు గడిచాయి. కొన్ని చోట్ల తెల్ల సభ్యులు మాకు వేరుగా బల్ల పెట్టమని అడగసాగారు. 1857 సినడ్ చేసిన తీర్మానాన్ని మనం నిదానంగా చదవాలి. అన్యజనుల్లో నుంచి వచ్చిన విశ్వాసులను ఉన్న సంఘాల్లోనే కలుపుకోవడం మంచిది, వాక్యానుసారం కూడా అని మొదట ఒప్పుకున్నారు. ఆ వెంటనే "అయితే" వచ్చింది. కొందరి బలహీనత వల్ల క్రీస్తు పనికి ఆటంకం కలిగే చోట, వాళ్ళకు వేరే మందిరంలో ఆరాధన జరిపించవచ్చు అన్నారు.

కొందరి బలహీనత అంటే ఎవరి బలహీనత? పొలాలున్నవాళ్ళది, తుపాకులున్నవాళ్ళది, సంఘంలో ఓటున్నవాళ్ళది. రోమా పత్రికలో పౌలు చెప్పినది బలవంతులు బలహీనుల భారం మొయ్యాలని. ఇక్కడ బలవంతుడే "నేను బలహీనుణ్ణి" అన్నాడు. అతని భారాన్ని పేదవాడి నెత్తిన పెట్టి, నువ్వు ఆ మందిరానికి వెళ్ళు అన్నారు. వాక్యాన్ని కాదన్నవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. వాక్యం ఇదేనని ఒప్పుకుంటూనే దాన్ని పక్కన పెట్టారు. మాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మన ఒంగోలులో ఇదే పరీక్ష వచ్చిందని మన పెద్దలు చెప్పుకుంటారు. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొరగారి దగ్గరికి పై కులాలవాళ్ళు వచ్చి, మాదిగలను చేర్చుకుంటే మేము రామన్నారు. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఎదురైనది 1 కొరింథీ 1:26 మొదలుకొని ఉన్న భాగమే. వాళ్ళు మాదిగలను వదలలేదు. ఆ తీర్పుకు వారసులమని మనం సంతోషంగా చెప్పుకుంటాం. చెప్పుకుంటూనే మాల సంఘం, మాదిగ సంఘం అని వేరువేరు మందిరాలున్న ఊళ్ళలో బతుకుతున్నాం. ఈ మాట మింగుడు పడకపోయినా చదవడం ఆపకండి.

దక్షిణాఫ్రికాలో ఆ "అయితే" పెరిగింది. 1857లో వేరే మందిరం. 1881కల్లా మిశ్రమ జాతివాళ్ళ కోసం మిషన్ సంఘమని ఏకంగా వేరే సంఘమే. 1913లో భూమి చట్టం వచ్చి, దేశంలో అత్యధికులైన నల్లవాళ్ళకు దాదాపు 7 శాతం నేల మిగిల్చింది. 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచారు. 1948 ఎన్నికల్లో నేషనల్ పార్టీ గెలిచింది. దాని నాయకుడు డి. ఎఫ్. మలాన్ రాజకీయాల్లోకి రాకముందు ఆ డచ్ రిఫార్మ్‌డ్ సంఘంలోనే పాస్టరు. ఆ ప్రభుత్వం తన విధానానికి పెట్టుకున్న పేరు అపార్తీడ్. ఆఫ్రికాన్స్ భాషలో దాని అర్థం "వేరుగా ఉండడం". జాతులు కలిసి పెళ్ళి చేసుకోకూడదని 1949లో చట్టం, ఎవరు ఏ జాతో చిట్టాలో రాయాలని, ఎవరు ఏ పేటలో ఉండాలో నిర్ణయించాలని 1950లో చట్టాలు. నల్లవాళ్ళు తమ సొంత దేశంలో తిరగడానికి పాస్ పుస్తకం దగ్గర ఉంచుకోవాలి. దానికి ఎదురు తిరిగినవాళ్ళ మీద 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్పులు జరిపితే 69 మంది చనిపోయారు. దేవుడే బాబెలు దగ్గర జనాలను వేరు చేశాడు కదా అని వేదపండితులు ఈ విధానానికి ఆధారం చూపించారు. పెంతెకొస్తు దినాన యెరూషలేములో ఏం జరిగిందో వాళ్ళ బైబిల్లో లేదు కాబోలు.

ఈ చరిత్రలో మనవాళ్ళూ ఉన్నారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్ళలో లక్షన్నర మంది భారతీయులు చెరకు తోటల్లో కూలి ఒప్పందాల మీద వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళకు కాపరి లేడని 1903లో మన తెలుగు బాప్టిస్టు సంఘాలు రెవరెండ్ జాన్ రంగయ్య గారిని నాటాలుకు పంపాయి. తెల్ల మిషనరీలు మన దగ్గరికి రావడమే మనకు తెలుసు. తెలుగు పాస్టరు గారొకరు సముద్రం దాటి మిషనరీగా వెళ్ళడం మన పిల్లలకు సండే స్కూల్లో చెప్పవలసిన సంగతి. ఆ సంఘాల పిల్లలూ మనవలూ తర్వాత ఈ పేటల చట్టం కిందే "భారతీయులు" అన్న చిట్టాలోకి ఎక్కారు. ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో వాళ్ళకూ ప్రభుత్వమే చెప్పింది.

పౌలులా నిలదీసినవాళ్ళు లేకపోలేదు. బేయర్స్ నౌడే ఆ తెల్ల సంఘంలోనే పేరున్న పాస్టరు, ఆఫ్రికానర్ పెద్దల రహస్య సంఘంలో సభ్యుడు. షార్ప్‌విల్ తర్వాత ఆయన మనసు మారింది. 1963లో తన పులిపీఠం వదులుకున్నాడు. 1977 నుంచి ఏడేళ్ళ పాటు ప్రభుత్వం ఆయన మీద నిషేధం పెట్టి నోరు కట్టేసింది. 1982లో, 1881లో వేరుగా నెట్టివేసిన ఆ మిషన్ సంఘమే బెల్హార్ అనే చోట సమావేశమై ఒక విశ్వాస ప్రమాణం రాసి, 1986లో స్వీకరించింది. సంఘ ఐక్యత, సమాధానం, దేవుని న్యాయం అందులోని మూడు మాటలు. మూలకు తోసిన రాయి గురించి మనం పాడుకుంటాం కదా, ఇది అలాంటిదే.

చివరికి 1990 నవంబరులో రస్టెన్‌బర్గ్‌లో అన్ని సంఘాలవాళ్ళూ కూడుకున్నారు. స్టెల్లెన్‌బాష్‌లో వేదశాస్త్రం చెప్పే విల్లీ యోంకర్ అనే తెల్ల ప్రొఫెసర్ లేచి, తన పాపాన్ని మాత్రమే కాక తన సంఘం పాపాన్నీ తన జనం పాపాన్నీ ఒప్పుకున్నాడు. దానియేలు తొమ్మిదో అధ్యాయంలో చేసిన ప్రార్థన అదే కదా. తాను చెయ్యని పాపాన్ని కూడా "మేము" అని తన మీద వేసుకున్నాడు. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ లేచి ఆ ఒప్పుకోలును అంగీకరించారు. నల్లజాతి ప్రతినిధుల్లో కొందరికి అది నచ్చలేదు. ఇంత తేలికగానా అన్నారు. వాళ్ళను కఠినులు అనడానికి మాకు నోరు రాదు. ఇల్లు పోయినవాడికి, కొడుకు పోయినవాడికి ఆ మాట అడిగే హక్కుంది.

2 సమూయేలు 21లో మూడేళ్ళ కరువు వచ్చినప్పుడు దావీదు కారణం అడిగితే, సౌలు గిబియోనీయులను చంపిన సంగతి బయటికి వచ్చింది. చంపింది దావీదు కాదు, పాత రాజు. అయినా ప్రాయశ్చిత్తం ఏమిటని అడగవలసి వచ్చింది దావీదే. అడిగింది కూడా బాధితులనే. దక్షిణాఫ్రికా 1994లో అందరి ఓటుతో నెల్సన్ మండేలా ప్రభుత్వాన్ని ఎన్నుకున్నాక అలాగే అడిగింది. టూటూ గారు అధ్యక్షులుగా సత్య, సమాధాన కమిషన్ 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్ పట్టణంలో మొదటి విచారణ పెట్టింది. 21,000 మందికి పైగా బాధితులు తమ సంగతి చెప్పుకున్నారు. నేరం చేసినవాళ్ళు నిజం మొత్తం చెబితే క్షమాభిక్ష అడగవచ్చు. మరుసటి ఏడాది సంఘాలను కూడా పిలిచి, మీరప్పుడు ఏం చేశారని అడిగారు.

నిజం చాలావరకు బయటికి వచ్చింది. జక్కయ్య చేసిన రెండో పని మాత్రం జరగలేదు. బాధితులకు ఆరేళ్ళ పాటు ఏటా సాయం ఇవ్వమని కమిషన్ సిఫారసు చేస్తే, 2003లో ప్రభుత్వం ఒక్కసారి 30,000 ర్యాండ్లు ఇచ్చి సరిపెట్టింది. లాభపడినవాళ్ళ మీద ప్రత్యేక పన్ను వెయ్యాలన్న ఆలోచన ముందుకు సాగలేదు. భూమి ఎక్కువ భాగం పాత చేతుల్లోనే ఉండిపోయింది.

ఇక ఆ బల్ల సంగతి. 1994 ఏప్రిల్‌లో మిషన్ సంఘమూ, నల్లవాళ్ళ రిఫార్మ్‌డ్ సంఘమూ కలిసి ఒకటయ్యాయి. తెల్లవాళ్ళ సంఘం అపార్తీడ్ పాపమని ఒప్పుకుంది, క్షమాపణ అడిగింది. కానీ బెల్హార్ ప్రమాణాన్ని తన ప్రమాణంగా స్వీకరించడానికి కావలసిన మెజారిటీ దాని సభ్యుల్లో కుదరలేదు. ఆ సంఘాలు ఇంకా ఒకటి కాలేదు.

మొదటి ఆదివారం మన దగ్గర ప్రభు భోజన సంస్కారం ఉంది. శనివారం రాత్రి కుటుంబ ప్రార్థనలో గలతీ 2:11 నుంచి 14 వరకు చదువుకొని రండి. ఆ పూట మందిరంలో ఎవరి చోట ఎవరు కూర్చుంటారో ముందే ఊహించుకోకుండా రండి.