క్రిస్మస్‌లో ‘ఎక్స్’ ఎక్కడి నుంచి వచ్చింది?

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక క్షమాపణతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం మా తమ్ముడు పండగకి పోస్టర్ చేశాడు. చోటు సరిపోక ఇంగ్లీషులో ‘ఎక్స్‌మస్’ అని రాశాడు. "క్రీస్తు పేరు తీసేసి ఎక్స్ పెడతావా?" అని నలుగురి ముందూ తిట్టాను. పాపం, వాడు దాన్ని చింపేశాడు. నా దగ్గరున్న ఆధారం ఏంటంటే, ఫోన్‌కి వచ్చిన ఒక ఫార్వర్డ్. అంతే. తర్వాత చదివితే తెలిసింది, తప్పు నాదేనని.

ముందు అసలు మాట చూద్దాం. పాత ఇంగ్లీషులో ‘క్రిస్తెస్ మెస్సె’ అనేవారు. 1038 నాటి రాతలో ఇది కనిపిస్తుంది. అంటే క్రీస్తు మాస్. మాస్ అంటే మన సినిమా మాస్ కాదండోయ్! లాటిన్‌లో ‘మిస్సా’. పంపించడం అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టింది. ఆరాధన చివర్లో గురువు జనాన్ని సాగనంపేటప్పుడు ఈ మాట అనేవారు. మెల్లగా మొత్తం ఆరాధనకే అది పేరైపోయింది. మన తెలుగు కతోలికులు దివ్యబలిపూజ అనేది దీన్నే.

గమనించారా? ‘క్రిస్మస్’ అన్న మాటలో పుట్టుక అనే అర్థమే లేదు. స్పెయిన్‌వాళ్ల ‘నవిదాద్’లో మాత్రం ఉంది. అది పుట్టుకను చెప్పే లాటిన్ మాట నుంచే వచ్చింది.

ఇక ఎక్స్ సంగతి. క్రీస్తుని గ్రీకులో ‘ఖ్రిస్తోస్’ అంటారు. అభిషేకం పొందినవాడు అని అర్థం. హీబ్రూలో మెస్సీయ అన్నా అదే. ఆ గ్రీకు పేరులో మొదటి అక్షరం ‘ఖీ’. చూడ్డానికి అచ్చం ఇంగ్లీషు ఎక్స్‌లా ఉంటుంది, పలకడం వేరు. పవిత్రమైన పేర్లను కుదించి రాయడం తొలి శతాబ్దాల క్రైస్తవుల అలవాటే. 4వ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నాణేల మీద కూడా, ఆ పేరులోని మొదటి రెండక్షరాలు ‘ఖీ’, ‘రో’ కలిపిన గుర్తు వేశారు. సుమారు 1100 నాటికి ఇంగ్లండులో రాతగాళ్లు ఈ పండగ పేరునీ ఆ గ్రీకు అక్షరాలతోనే కుదించి రాశారు.

అంటే ఎక్స్ పెట్టి క్రీస్తు పేరు కొట్టేయలేదు. ఆ ఎక్సే ఆయన పేరులో మొదటి అక్షరం!

తమ్ముడూ, సారీరా. ఈసారి పోస్టర్ నువ్వే చెయ్యి. నేను చోటు మాత్రం ఎక్కువ ఇస్తాను, సలహాలు ఇవ్వను.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.