ఓడచీటీలలో వంశచరిత్ర

తెలుగుదేశమున వంశచరిత్రమును నిలుపుకొను నలవాటు నిన్నమొన్నటిది గాదు. కావ్యావతారికలలో కృతిపతి వంశమును తాతముత్తాతల నుండి వర్ణించుట మన కవులకు పరిపాటి. దేవాలయ స్తంభములపై దానశాసనము వ్రాయించిన గృహస్థుడు తన తండ్రితాతల పేళ్లను, గోత్రమును తరచుగా చెక్కించుకొనెను. కాశీగయలకు పోయిన యాత్రికుల పేళ్లను, ఊళ్లను అచ్చటి పండాలు తరతరములుగా తమ పుస్తకములలో నెక్కించుకొనుచు వచ్చిరి. ఈ భాగ్యము పండితులకును, ధనికులకును మాత్రమే దక్కినదని తలచుట పొరపాటు. కాపుల యిండ్లకు పిచ్చుకగుంట్లవారును, పద్మశాలీల యిండ్లకు కూనపులివారును, మాదిగవాడలకు డక్కలివారును వచ్చి, ఆయా కులముల పుట్టుపూర్వోత్తరములను గానము చేసి, త్యాగము పుచ్చుకొని పోయెడివారు. అక్షరము రాని కుటుంబముల పూర్వకథ ఆ గాయకుల నోటనే బ్రదికినది.

అయితే ఈ యేర్పాటంతయు గడపను నమ్ముకొని నడచినది. ఆశ్రితుడు వచ్చి నిలుచుటకు ఇల్లు కావలెను. అతనికి గింజలు కొలుచుటకు ఆ యింట మనుష్యులుండవలెను. ఇల్లు పాడువడి, ఇంటివారు సముద్రము దాటిపోయినచో వంశగానము అచ్చటితో తెగిపోవును. పందొమ్మిదవ శతాబ్దమున అట్లు తెగిన తెలుగు వంశములు వేలకొలది కలవు. వాని మొదళ్లను నేడు మారిషసులోను, దక్షిణాఫ్రికా యందలి నేటాలులోను, ఫిజీలోను ఉన్న మునిమనుమలు వెదకుకొనుచున్నారు. ఆ వెదకులాటకు ఆధారమైనవి ఏ భట్రాజు కైవారములును గావు. కూలీని పట్టి యుంచుటకై దొరల కచేరీలు వ్రాయించిన ఓడచీటీలు.

ఫ్రెంచివారి యేలుబడిలోని యానాము నుండి 1828లోనే కొందరు తెలుగు కూలీలను బూర్బన్ ద్వీపమునకు, అనగా నేటి రెయూనియనుకు, తీసికొనిపోయిరి. బ్రిటిషు వలసరాజ్యములలో బానిసత్వమును రద్దుచేసిన శాసనము 1834లో అమలునకు రాగా, చెఱకుతోటల యజమానులు చవుక పనివాండ్రకై హిందూదేశము వంక చూచిరి. ఆ యేడు నవంబరు 2వ తేదీన 'అట్లాస్' అను నోడ 36 మంది కూలీలతో మారిషసు రాజధానియైన పోర్టు లూయీ చేరినది. ఆ మొదటి బృందము కలకత్తా మీదుగా పోయినదైనను, తెలుగువారి వంతు వచ్చుటకు ఎక్కువ కాలము పట్టలేదు. అంతకు కొలదికాలము క్రిందటనే, 1832-33లో, గుంటూరు సీమను డొక్కల కరువు ఊడ్చివేసి యుండెను. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట లేచుటకు ఇంకను రెండు దశాబ్దముల కాలముండెను. తాళ్లరేవు చెంతనున్న కోరంగి, ఓడలు కట్టుటకు పేరువడిన రేవు. అచ్చటి నుండి పోయినవారి వలననే తెలుగువారికి మారిషసులోను, బర్మాలోను కోరంగీలను పేరు నిలిచినది.

1839వ సంవత్సరము ఈ కథలో రెండు విధముల ముఖ్యమైనది. ఆ యేడు మే నెలలో ప్రభుత్వము కూలీల వలసను నిషేధించినది. నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగిని ముంచినది. 1842లో మారిషసు వలసను మరల అనుమతించినపుడు కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులకు మాత్రమే ఆ యధికారము దక్కినది. కావుననే పిమ్మటి కాగితములలో నాగావళి యొడ్డున పుట్టినవాడు సైతము మద్రాసున ఓడ నెక్కినవాడుగా కానవచ్చును. 'మాది మద్రాసు' అని ద్వీపాంతర కుటుంబములలో వినవచ్చు మాటకు పెక్కుచోట్ల మూలమిదియే. మద్రాసు వారికి డిపో గల రేవు మాత్రమే, ఊరు వేరు. వంశచరిత్ర వెదకువాడు మొట్టమొదట గ్రహింపవలసిన భేదమిది.

ఇక చీటీల మాట. 1860 అక్టోబరులో మద్రాసు వదలిన 'ట్రూరో' అను నోడ నవంబరు 16వ తేదీన 342 మందితో డర్బను చేరినది. నాటి నుండి 1911 వరకు నేటాలు చేరిన ఒప్పంద కూలీల మొత్తము 1,52,184. అందు సుమారు మూడింట రెండు వంతులవారు మద్రాసు నుండి పోయినవారు. ఈ మొత్తము ఇంత కచ్చితముగా తెలియుటకు కారణము, దిగిన ప్రతి ప్రాణికిని, చంటిబిడ్డతో సహా, ఒక సంఖ్య వేసి ఓడవారీగా పట్టిక వ్రాయుటయే. ఆ పట్టికలోని ఒక వరుసను ఎడమ నుండి కుడికి చదువుదము: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడయో మగయో, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది గుర్తులు. చివరి గడిలో మోకాలిపై గాయపు మచ్చయో, రొమ్మున పుట్టుమచ్చయో, ముఖమున స్ఫోటకపు గుంటలో వ్రాయబడి యుండును. తోట నుండి పారిపోయినవానిని గుర్తుపట్టుటకై ఆ గడి యేర్పడినది. నూరేండ్లు గడచిన తరువాత, పటము గాని, చేవ్రాలు గాని మిగులని ఒక ముత్తాత దేహమును గూర్చి అతని సంతతికి తెలిసినదంతయు ఆ ఒక్క గడిలోనిదే యగుచున్నది. ఆ వరుసపై వ్రేలు నుంచి చదువుకొను మునిమనుమరాలికి ఆ మచ్చ యొక్క విలువ, దానిని వ్రాసిన గుమాస్తాకు ఊహకైనను అంది యుండదు.

సురేంద్ర భానా అను చరిత్రకారుడు ఈ ఓడపట్టికలనే ఆధారముగా గొని నేటాలు కూలీల యూళ్లను, కులములను, వయస్సులను పరిశీలించి 1991లో ఒక గ్రంథము ప్రకటించెను. ఫిజీకి వలస 1879లో ఆరంభమైనను, దక్షిణాది కూలీలతో మద్రాసు నుండి పోయిన మొదటి ఓడ 'ఎల్బ్' అచ్చటికి చేరినది 1903లో. ఫిజీ చీటీలో ఊరిలో నిలిచిపోయిన దగ్గరి బంధువు పేరునకు కూడ ఒక గడి కలదు. పోయినవాని పేరు ఊరివారు మరచినను, నిలిచినవాని సంతతి ఆ యూరనే యుండవచ్చును గనుక అన్ని గడులలోను నేను దీనినే మిక్కిలి విలువైనదిగా నెంచుదును. మారిషసు పుస్తకములకు మఱియొక విశేషము కలదు: 1860ల నుండి అచ్చట కూలీల ఛాయాచిత్రములు తీయించి యుంచిరి. మోకా అను ఊరిలో ఉన్న మహాత్మాగాంధీ సంస్థ, 1970లో స్థాపితమైనది, ఈ పుస్తకములను, పటములను భద్రపరచుచున్నది.

మారిషసు గృహస్థుడు తన మూలమును వెదకు తీరు ఇది. మొదట తన తండ్రి, తాతల జనన వివాహపత్రములను పౌర నమోదు కచేరీ నుండి తెప్పించుకొనును. ఒక్కొక్క తరము వెనుకకు పోగా, ద్వీపమున పుట్టక ఓడపై వచ్చిన పెద్ద యొక్క సంఖ్య ఏదో యొక పత్రమున తగులును. ఆ సంఖ్యతో మోకాకు పోయినచో ఓడ పేరు, దిగిన తేదీ, వయస్సు, కులము, గ్రామము గల పుట దొరకును. అదృష్టము బాగున్నచో ముఖము కూడ దొరకును. ఇంతవరకు దారి సుగమమే. చిక్కులన్నియు ఆ పుట చేతికి వచ్చిన తరువాతనే మొదలగును.

మొదటి చిక్కు ఊరిది. తెలుగు రాని గుమాస్తా, భయముతో నిలుచున్న పల్లెవాని నోట వినినది వినినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసెను. జిల్లాల సరిహద్దులు నాటివి నేడు లేవు. చీకాకోలు అని పుస్తకమున నున్నది శ్రీకాకుళమని యెరుగనివాడు నేటి పటమున దానిని ఎంత వెదకినను కానడు. గంజాము జిల్లా 1936లో ఒరిస్సాకు పోగా, దాని దక్షిణపు తెలుగు తాలూకాలు విశాఖపట్టణములో కలిసి, తిరిగి 1950లో శ్రీకాకుళము జిల్లాగా విడివడినవి. చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు 1911 వరకు ఉత్తర ఆర్కాటులోనివి. ఆర్కాటు అను మాట చూచి తన పెద్దలు అరవవారని నమ్మిన తెలుగు సంతతివాడు దక్షిణాఫ్రికాలో ఉండుట వింతగాదు.

రెండవ చిక్కు పేరుది. కూలీకి ఇంటిపేరును వ్రాయుటకు పుస్తకమున గడియే లేదు. ఒంటిపేరుతో దిగినవాని పేరే అతని బిడ్డలకు ఇంటిపేరైనది. అప్పన్న మనుమలందరును అప్పన్నలైరి, అప్పడి మనుమలందరును అప్పడులైరి. మన వివాహసంబంధములకు, పురుటికి, మైలకు ఆధారమైన యింటిపేరు ఈ విధముగ సముద్రమున కలిసిపోయినది. అయినను తెలుగువాని ఒంటిపేరు మూగది గాదు. మనవారు బిడ్డలకు ఊరిదేవర పేరో, మ్రొక్కుకొన్న వేల్పు పేరో పెట్టుదురు గనుక, ఆ పేరే సీమను పట్టియిచ్చును. అప్పన్న, అప్పలస్వామి, సింహాద్రి అనునవి సింహాచలము చుట్టుప్రక్కలవి. పైడమ్మ, పైడయ్య విజయనగరము వైపువి. నూకయ్య, నూకాలు అనకాపల్లి, తుని ప్రాంతములవి. పెంచలయ్య యన్నచో పెంచలకోన గల నెల్లూరు సీమ. కోటయ్య యన్నచో కోటప్పకొండ తిరునాళ్లకు పోవు గుంటూరు సీమ. చీటీలో జిల్లా గడి చెరిగిపోయినను, తెలుగు పల్లెలు తిరిగినవాడు ఆ పేరు చూచి దిక్కును చెప్పగలడు. ఈ పని పట్టికలను యంత్రమున కెక్కించినంత మాత్రమున జరుగదు. దీనికి ఈ గడ్డపై పెరిగినవాని చెవి కావలెను.

స్త్రీల మాట వేరుగా చెప్పవలెను. ప్రతి నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు ఉండవలెనని ఫిజీకి నియమముండెను. మిగిలిన వలసరాజ్యములలోను ఇట్టి నియమములుండెను. భర్తతో పోయినవారు కొందరు. కరువున దిక్కులేక, వైధవ్యమున నిలువనీడ లేక ఒంటరిగా పోయినవారు పెక్కురు. మన వంశావళులలో ఆడుబిడ్డ పేరు చాలవరకు కానరాదు. ఏ గాయకుడును పదిమందిలో ఆమె పేరు నెత్తలేదు. ఓడపట్టికలో మాత్రము ఆమెకు తన సంఖ్య, తన పేరు, తన తండ్రి పేరు, తన యూరు కలవు. కావుననే ఈ కుటుంబములు కొన్నిటికి వంశమూలముగా నిలిచినది ముత్తవ్వయే. ఆమె పేరును తలచి వంశవృక్షము మొదట వ్రాసికొనుటకు సంతతివారు సంకోచింపరాదని నా మనవి.

కాగితము చెప్పని దానిని ఆచారము చెప్పును. దక్షిణాఫ్రికాలోని తెలుగువారు 1931లోను, మారిషసు తెలుగువారు 1946లోను ఆంధ్రమహాసభలను నెలకొల్పుకొని, బడులు పెట్టి, పండుగలు నడపి భాషను నిలుపుటకు పాటుపడిరి. మారిషసులో ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. అచ్చటి తెలుగు కుటుంబములు నేటికిని అమ్మోరు పండుగ చేయును, సింహాద్రి అప్పన్నను కొలుచును; రాత్రివేళ దీపము నడుమ నిలిపి, దాని చుట్టును తిరుగుచు రామభజన చేయును. ఆ పాటలు పాడువారిలో తెలుగున మాటాడలేనివారు కలరు. నోటికి వచ్చినదే తమ సొత్తుగా దాచుకొనిరి. అప్పన్న కొలువు గల యింటి పూర్వులు ఉత్తరాంధ్రపు పల్లెవారై యుందురని, చీటీ దొరకకమునుపే నిశ్చింతగ ఊహింపవచ్చును. సభలవారు కుటుంబముల పాతపత్రములను, పటములను సేకరించునపుడు ఏ యింట ఏ దేవతకు ఏ నైవేద్యము పెట్టుదురో, ఏ నెలలో పెట్టుదురో కూడ వ్రాసికొన్నచో, అది సాక్ష్యములలో చిన్నది గాదు.

బర్మాకు పోయినవారి సంతతికి ఓడచీటీల భాగ్యము లేదు. అచ్చటి వలస మేస్త్రీల ద్వారా నడచినది. కాకినాడ, విశాఖపట్టణము రేవులలో స్టీమరెక్కి, బియ్యపు మిల్లులలోను, రంగూను రేవులోను పనిచేసి, ఏటికో రెండేండ్లకో తిరిగి వచ్చెడివారు. ఒక్కొక్క మనిషికి సంఖ్య వేసి, ఊరు పేరు వ్రాసిన పుస్తకమేదియు వారికి లేదు. 1942లో జపానువారు రంగూనుపై పడినపుడు కాలినడకన అరకాను కొండలు, అస్సాము అడవులు దాటుచు దారిలో రాలిపోయినవారి పేళ్లు ఎచ్చటను లెక్కకు రాలేదు. ఒప్పందపు కూలీ పడిన బాధ తక్కువదని నేననను; ఆ బాధకు కాగితము మిగిలినది, దీనికి మిగులలేదు. బర్మా కుటుంబములకు ఇక మిగిలిన ఆధారము వృద్ధుల జ్ఞాపకము మాత్రమే గనుక, విశాఖపట్టణపు బర్మాక్యాంపులోని పెద్దల నోటి మాటలను వ్రాసికొను పని అన్నిటికంటె ముందు జరుగవలెను.

ఇదంతయు ఆవలియొడ్డు ప్రయత్నము. ఈవలియొడ్డున మనము చేసినది స్వల్పము. ద్వీపములనుండి వచ్చిన యాత్రికుడు చీటీ నకలు చేతబట్టుకొని మండల కచేరీ మెట్లెక్కినచో, అతనికి చూపుటకు ఏమున్నది? రైతువారీ గ్రామములలో ఆంగ్లమును తెలుగును ప్రక్కప్రక్కన గల డైగ్లాట్ రిజిస్టర్లు కలవు. భూమి గల యింటి పేరు అందు దొరకవచ్చును. అయితే వలస మిక్కుటముగా సాగిన ఉత్తర కోస్తా అధికభాగము 1802 నాటి శాశ్వత బందోబస్తు క్రింది జమీందారీ. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాతనే అచ్చటి పల్లెలకు ప్రభుత్వపు భూలెక్కలు వచ్చినవి. అంతకు పూర్వపు రైతు పేరు సంస్థానపు దఫ్తరములలో, కరణముల యిండ్ల అటకలమీద వెదకవలసినదే. సెంటు భూమి లేని పాలేరు పేరు అచ్చటను దొరకదు.

1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధకమండలి యేర్పడి, రాజుల తామ్రశాసనములను ఊరూరను వెదకి, చదివి, ప్రకటించిన శ్రద్ధ మనకు తెలియును. ఆ శ్రద్ధలో నాలవపాలు చాలును. ఓడపట్టికలలోని తెలుగు గ్రామముల పేళ్లను తాలూకాలవారీగా విడదీసి, నేటి మండలముతో సరిపోల్చి, ఆయా యూళ్ల బడులకును, గ్రంథాలయములకును ఒక్కొక్క ప్రతి పంపవలెను. ప్రతి ప్రతికిని వెంట కొన్ని ప్రశ్నలు పంపవలెను: ఈ యూరి నుండి దూరదేశము పోయి తిరిగిరానివాడు ఏ యింటివాడు? అన్నదమ్ముల పంపకములో అతని వాటా ఎవరి క్రింద నిలిచినది? అతడు పోయిన కరువును పెద్దలు ఏ పేరున చెప్పుకొందురు? ఈ యూరికి పిచ్చుకగుంట్లవారు కడపటిసారి ఎప్పుడు వచ్చిరి, వారి సంతతి ఇప్పుడెక్కడ నున్నది?