పాత గాలిపటాలు - కొత్త గండాలు



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. మన రేవు చరిత్ర, మన సంఘం చరిత్ర వ్రాయడానికి నాకంటె సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను మన తరానికి కొత్తదీ, మన మనవల తరానికి బాగా పరిచయమైనదీ అయిన ఒక సముద్రపు ఆట చరిత్రను ఎంచుకున్నాను. దాని పేరు కైట్ సర్ఫింగ్. ముప్ఫయ్యేళ్ళకు పైగా తాళ్ళు, షాకిళ్ళు, స్లింగుల మధ్య బతికినవాడిని గనుక ఈ ఆటను నేను ఆ కంటితోనే చూశాను. చూసినకొద్దీ ఇది మనవాళ్ళందరికీ చెప్పవలసిన సంగతే అనిపించింది.

ముందుగా ఆ ఆట ఏమిటో చెబుతాను. ఆటగాడు కాళ్ళ కింద ఒక చిన్న పలక కట్టుకుంటాడు. నడుముకు పటకా వంటి గట్టి పట్టీ బిగించుకుంటాడు. దానికున్న కొక్కేనికి ఒక అడ్డకర్ర తగిలించి ఉంటుంది. దాన్ని బారు అంటారు. బారు నుంచి ఇరవై, ఇరవై అయిదు మీటర్ల పొడవున సన్నని తాళ్ళు పైకి పోయి ఒక పెద్ద గాలిపటానికి కలుస్తాయి. గాలి పటాన్ని లాగితే పటం మనిషిని లాగుతుంది. మనిషి నీటి మీద జారుకుంటూ పోతాడు. మన సంక్రాంతి గాలిపటం మన చేతిలో ఉంటుంది. ఇక్కడ మనిషే గాలిపటం చేతిలో ఉంటాడు. తేడా అంతా అక్కడే ఉంది.

గాలిపటంతో బరువు లాగించాలన్న కోరిక కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జార్జి పోకాక్ అనే బడిపంతులు 1826లో గాలిపటాలు లాగే బండికి పేటెంటు పుచ్చుకున్నాడు. గుర్రం లేని ఆ బండి రోడ్డు మీద పరుగెత్తింది. అంతకుముందే ఆయన తన కూతురు మార్తాను కుర్చీలో కూర్చోబెట్టి గాలిపటంతో ఆకాశానికి ఎత్తించాడు. ఆ పిల్ల క్షేమంగా కిందికి దిగింది. పెరిగి పెద్దదై, క్రికెట్ అభిమానులంతా ఎరిగిన డబ్ల్యు.జి. గ్రేసుకు తల్లి అయింది. ఆ రోజు ఒక్క తాడు తెగి ఉంటే క్రికెట్ చరిత్ర మరోలా ఉండేది!

తరువాత శామ్యూల్ కోడీ అనే ఆయన 1903 నవంబరులో గాలిపటాలు కట్టిన చిన్న పడవలో ఫ్రాన్సులోని కాలే నుంచి ఇంగ్లండులోని డోవరు చేరాడు. రాత్రంతా ప్రయాణం చేశాడు, సుమారు 13 గంటలు పట్టింది. తరువాత విమానాలు కట్టాడు. 1913లో తాను కట్టిన విమానమే కూలి మరణించాడు. 1948లో అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో దంపతులు పుల్లలు లేకుండా మడతపడే రెక్కను రూపొందించారు. మొదటి నమూనాను వంటింటి కర్టెనుతో కుట్టారు. ఇవన్నీ ధైర్యవంతుల కథలు. అయితే వీటిలో ఏదీ మామూలు మనిషి ఆదివారం నాడు సముద్రం ఒడ్డుకు తీసుకుపోయి ఆడుకోగలిగినది కాదు.

మామూలు మనిషికి ఉన్న పెద్ద అడ్డంకి ఒకటే. పటం నీళ్ళలో పడితే మునిగిపోయేది, మళ్ళీ లేచేది కాదు. ఫ్రాన్సులోని బ్రిటనీ తీరానికి చెందిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు దీనికి ఉపాయం కనిపెట్టారు. పటానికి ముందంచున, అడ్డంగా పక్కటెముకల్లాగా గాలి నింపే గొట్టాలు పెట్టారు. పటం నీటి మీద తేలుతుంది, తాళ్ళు లాగితే మళ్ళీ లేస్తుంది. 1984 నవంబరులో పేటెంటుకు దరఖాస్తు చేశారు. కాని ఆ పటం అమ్మకానికి వచ్చి పేరు తెచ్చుకోవడానికి 1997 దాకా ఆగవలసి వచ్చింది. ఈలోగా అమెరికాలో బోయింగ్ కంపెనీలో పనిచేసిన బిల్ రోజ్లర్, ఆయన కుమారుడు కోరీ కలసి 1994లో కైట్ స్కీ అనే సరంజామాను అమ్మకానికి పెట్టారు. 1990ల చివర హవాయి దీవుల్లోని మావీ తీరంలో ఈ ఆట ఊపందుకుంది. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. 2024 పారిస్ ఒలింపిక్సులో మొదటిసారి పోటీగా పెట్టారు. ఆ పోటీలు మార్సేయ్ తీరంలో జరిగాయి. మన దేశంలో రామేశ్వరం దగ్గర నేర్పే బడులు ఉన్నాయి.

ఇది ఆట చరిత్ర. దీని వెనుక ఇంకో చరిత్ర ఉంది. అది భద్రత చరిత్ర. అసలు విషయం అదే.

మొదటి తరం పటాలకు రెండే తాళ్ళు. పటాన్ని ఎడమకో కుడికో తిప్పవచ్చుగాని దాని బలాన్ని తగ్గించే మార్గం లేదు. గాలి హఠాత్తుగా పెరిగితే బారును పూర్తిగా వదిలెయ్యడమే గతి. బ్రేకు లేని లారీ వంటిది. తరువాత నాలుగు తాళ్ళ పటాలు వచ్చాయి. బారును ముందుకు తోస్తే పటం వాలు మారి లాగుడు కొంత తగ్గేది. కొంత మాత్రమే, పూర్తిగా కాదు. పైగా తొలి రోజుల్లో చాలా బార్లకు, పటం బలంగా లాగుతూ ఉండగా ఒక్క చేత్తో తటాలున విడిపించుకునే ఏర్పాటు నమ్మదగ్గదిగా లేదు. కొక్కెం మీద బరువు పడి బిగుసుకుపోతే మనిషి పటానికి కట్టుబడిపోయినట్టే.

2005 ప్రాంతంలో బ్రూనో లెగెన్యూయే రూపొందించిన విల్లు ఆకారపు పటాలు బజారులోకి వచ్చాయి. వాటి వెనుక అంచు లోపలికి వంగి ఉంటుంది. ముందంచుకు అనేక చోట్ల చిన్న తాళ్ళు కట్టి ఉంటాయి. బారును వదిలితే పటం బలం దాదాపు అంతా పోతుంది. ఇది పెద్ద మలుపు. ఆ తరువాత, ముందుకు తోస్తే ఊడిపోయే విడుదల కొక్కేలు రానురాను మెరుగయ్యాయి. 2020లో వీటి పరీక్ష కోసం అంతర్జాతీయ ప్రమాణమే వచ్చింది. దాని సంఖ్య ఐఎస్ఓ 21853. అంటే ఈ ఆటలోని భద్రత ఒక్కరోజులో రాలేదు, విడతలు విడతలుగా వచ్చింది. కనుక ఏ సంవత్సరపు సరుకు కొంటే ఆ సంవత్సరపు ప్రమాదాన్ని కూడా కొన్నట్టే!

దీన్ని నేను ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. మా పెద్దమ్మాయి కొడుకు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒకరోజు ఫోనులో, "తాతయ్యా, కైటు, బారు, పలక అన్నీ కలిపి కారుచౌకగా వస్తున్నాయి. కొత్తవయితే మన డబ్బుల్లో రెండు లక్షల పైమాటే" అన్నాడు. "ఏ సంవత్సరానివిరా?" అని అడిగాను. 2003 నాటివట. "ఒక్కసారే వాడామంటున్నారు తాతయ్యా, బట్ట కొత్తదానిలాగే మెరుస్తోంది" అన్నాడు.

మెరుపు చూసి తాడును నమ్మకూడదని మన కళాసీలకు ఎవరూ చెప్పనక్కరలేదు. మనీలా తాడును మనం ఎలా చూసేవాళ్ళమో గుర్తు చేసుకోండి. పైన నున్నగా, బంగారు రంగులో ఉండేది. పురులు విప్పి చూస్తే లోపల పొడి రాలేది. ఆ తాడు పని అయిపోయినట్టే. 1986లో డాక్ కార్మికుల భద్రతా చట్టం, 1990లో నిబంధనలు వచ్చాక పరీక్షలు, రిజిస్టర్లు మరింత గట్టిపడ్డాయి. ఒక ప్రైవేటు కాంట్రాక్టరు, పేరు అనవసరం, ఎక్కడో సెకండ్ హ్యాండులో కొన్న స్లింగులు తెచ్చి వాడాడు. చూపులకు బాగానే ఉన్నాయి. మూడో ఎత్తుకే ఒకటి తెగి పెట్టె హ్యాచిలో పడింది. గ్యాంగు అప్పుడే టీకి పైకి వచ్చింది కనుక ఎనిమిది కుటుంబాలు నిలిచాయి. ఆ చప్పుడు విన్నవాళ్ళు ఇంకా మన సంఘంలో ఉన్నారు.

మనవడికి ఇదంతా చెప్పి, లెక్క కూడా చెప్పాను. సెకనుకు 10 మీటర్ల వేగంతో గాలి వీస్తే చదరపు మీటరుకు ఇంచుమించు 6 కిలోల ఒత్తిడి. 12 చదరపు మీటర్ల పటమయితే 70 కిలోల పైచిలుకు, అంటే ఒక మనిషి బరువు. గాలి వేగం రెట్టింపయితే లాగుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. పటం ఆకాశంలో అడ్డంగా దూసుకుపోతున్నప్పుడు దానికి తగిలే గాలి ఇంకా ఎక్కువ. బలం తగ్గించే మార్గం లేని పాత పటం అలాంటి విసురుకు దొరికితే మనిషిని ఎత్తి ఒడ్డునున్న గోడకో, రాళ్ళకో కొడుతుంది. నీటి కంటె ఒడ్డే ఇక్కడ ఎక్కువ ప్రమాదం.

ఇక సరుకు పాతబడే తీరు. పటం బట్ట పాలియెస్టరు. ఎండకు దాని బలం క్రమంగా తగ్గుతుంది. కొత్తదానికి కాగితంలాగా గరగరలాడే గుణం ఉంటుంది, పాతబడితే మెత్తబడుతుంది. గాలి గొట్టాల కుట్లు వదులై, సముద్రం మధ్యలో గొట్టం పగిలితే పటం గుడ్డపీలిక అవుతుంది. తాళ్ళు రెండు మిల్లీమీటర్ల మందమైనా లేని ప్రత్యేక పాలిథిన్ నారవి. ఉక్కు తీగ కంటె తేలిక, బరువుకు తగ్గట్టు చూస్తే బలం ఎక్కువ. కాని ఇసుక, ముడి రెండూ వాటికి శత్రువులు. ముడి పడినచోట బలం బాగా పడిపోతుంది. పైగా ఎక్కువ బరువు మోసే ముందు తాళ్ళు కాలక్రమేణా సాగుతాయి. వెనుక తాళ్ళు అంతగా సాగవు. పొడవుల్లో తేడా వచ్చి పటం మాట వినదు, వెనక్కి వాలి కూలుతుంది. విడుదల కొక్కెంలో ఉప్పు, ఇసుక చేరి బిగుసుకుపోతుంది. అది పనిచెయ్యని సంగతి పని పడ్డప్పుడే తెలుస్తుంది.

ఇంకో పొరపాటు కూడా జరుగుతూ ఉంటుంది. కొత్త పటానికి పాత బారు తగిలించడం. విల్లు పటానికి బారును చాలా దూరం తోయవలసి ఉంటుంది. పాత బారుకు అంత ఆట ఉండదు. పటం మంచిదే, బారు మంచిదే, జోడీ మాత్రం మంచిది కాదు.

అలాగని సెకండ్ హ్యాండు వస్తువులన్నీ పనికిరావని నా అభిప్రాయం కాదు. మనమంతా సెకండ్ హ్యాండు సైకిళ్ళ మీద డ్యూటీకి వెళ్ళి పిల్లల్ని పెద్దచేసినవాళ్ళమే. చైను ఊడితే దిగి వేసుకునేవాళ్ళం. నీటి మధ్యలో, బలమైన గాలిలో దిగి వేసుకునే వీలు లేదు.

అందుచేత మీ మనవలో, మనవరాళ్ళో ఈ ఆట నేర్చుకుంటామంటే భయపెట్టి మాన్పించకండి. ఈ ప్రశ్నలు వెయ్యండి చాలు. తయారైన సంవత్సరం ఎంత? బలం పూర్తిగా తగ్గించే రకమేనా? వెలుతురుకు ఎదురుగా పట్టి బట్టలో సన్నని చిల్లులు చూశారా? గట్టిగా గాలి కొట్టి కొన్ని గంటలు వదిలేస్తే గొట్టాలు అలాగే నిలిచాయా? తాళ్ళన్నీ ఒకే కొక్కేనికి తగిలించి లాగితే బారు సమంగా నిలుస్తోందా? తాళ్ళ చివర్లు, బారు మధ్య రంధ్రం గుండా పోయే తాడు ఒరుసుకుపోలేదు కదా? బరువు వేలాడదీసి విడుదల కొక్కేన్ని ముందుకు తోస్తే ఊడుతోందా? ఆ రకాన్ని కంపెనీ వెనక్కి పిలిపించిందేమో విచారించారా? చివరగా, శిక్షణ ఇచ్చే గురువు కంటితో చూసి సరేనన్నారా? వీటిలో ఒక్కదానికి సరైన జవాబు లేకపోయినా బేరం వదులుకోవడమే లాభం.

మా వాడు ఆ 2003 నాటి సరుకు కొనలేదు. ముందు శిక్షణలో చేరాడు. ఆరు నెలల తరువాత, గురువు స్వయంగా పరీక్షించిన మూడేళ్ళ పటాన్ని కొన్నాడు. బారు మాత్రం కొత్తది తీసుకోమన్నాను. దానికి సగం డబ్బు నా పెన్షనులోంచి పంపాను. మా ఆవిడ "ఈ వయసులో ఇదేం ఖర్చండీ" అంది గాని, ఆదివారం వాడి ఫోను వచ్చేదాకా గడియారం చూస్తూ కూర్చునేది కూడా ఆవిడే.

పోకాక్ పంతులు కూతురు క్షేమంగా దిగింది, కోడీ దిగలేదు. ఇద్దరూ ఎక్కిన కాలంలో పరీక్షించే పద్ధతులు ఇంతగా లేవు. ఇప్పుడు ఉన్నాయి. అవి ఎందరో దెబ్బలు తిని సంపాదించి పెట్టినవి. చౌక కోసం వాటిని వదులుకోవడం తగదని మన పిల్లలకు చెప్పడం మన తరం బాధ్యత.