గోల్ఫ్‌ను జట్టుగా ఎలా ఆడతారు? స్నేహితుల బృందానికి ఏ పద్ధతి అనువైనది?

గోల్ఫ్ అనగానే ఒంటరిగా బంతి వెంట నడిచే ఆటగాడు గుర్తుకొస్తాడు. అయితే ఈ క్రీడలో జట్టు పోటీలకూ సుదీర్ఘ చరిత్ర ఉంది. 1927లో ప్రారంభమైన రైడర్ కప్ పూర్తిగా జట్ల మధ్య పోరు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత పురుషుల జట్టు స్వర్ణం సాధించింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఒక పురుషుడు, ఒక మహిళ కలిసి ఆడే మిశ్రమ జట్టు పోటీని తొలిసారిగా చేర్చారు.

స్నేహితుల బృందాల్లో ఈ పద్ధతుల అవసరం మరో కారణంగా ఏర్పడుతుంది. నలుగురిలో ఒకరు ఏళ్ల తరబడి ఆడినవారు, మరొకరు నెల క్రితం క్లబ్ పట్టుకున్నవారు కావచ్చు. ఎవరి స్కోరు వారిదే అయితే కొత్తవారు మూడో హోల్‌కే నిరుత్సాహపడతారు. తమ వల్ల అందరికీ ఆలస్యమవుతోందన్న సంకోచంతో మళ్లీ రావడమే మానేస్తారు. సరైన పద్ధతిని ఎంచుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఫోర్‌సమ్స్

ఇద్దరు భాగస్వాములకు ఒకే బంతి. ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. ఒకరు బేసి సంఖ్య హోల్స్‌లో, మరొకరు సరి సంఖ్య హోల్స్‌లో తొలి షాట్ ఆడతారు. ఆట వేగంగా సాగుతుంది. కానీ ఒకరి తప్పిదం భారం నేరుగా రెండోవారిపై పడుతుంది కాబట్టి కొత్తవారికి ఇది కఠినమైన పరీక్ష.

దీనికి కొంత సడలింపు గ్రీన్‌సమ్స్. ఇద్దరూ తొలి షాట్ కొట్టి, మెరుగైన బంతిని ఎంచుకుంటారు. ఆ తర్వాత వంతులవారీగా ఆడతారు.

ఫోర్‌బాల్

ప్రతి ఒక్కరూ సొంత బంతితోనే ఆడతారు. ఇద్దరిలో తక్కువ స్కోరు జట్టు ఖాతాలో చేరుతుంది. ఒకరు విఫలమైనా మరొకరు ఆదుకోవచ్చు. అయితే బలమైన ఆటగాడి స్కోరే ఎక్కువగా లెక్కలోకి వస్తే, బలహీనుడు ప్రేక్షకుడిగా మిగిలే ప్రమాదం ఉంది.

రైడర్ కప్‌లో తొలి రెండు రోజుల్లో 8 ఫోర్‌సమ్స్, 8 ఫోర్‌బాల్ పోటీలు, చివరి రోజు 12 సింగిల్స్ జరుగుతాయి.

స్క్రాంబుల్

కొత్తవారికి అన్నింటికంటే సులువైనది ఇదే. జట్టులోని అందరూ కొడతారు. వాటిలో ఉత్తమమైన బంతి ఉన్న చోటి నుంచే అందరూ తర్వాతి షాట్ ఆడతారు. బంతి హోల్‌లో పడేవరకు ఇదే క్రమం. చెడ్డ షాట్ వల్ల నష్టం లేదు. కొత్తవారు వేసిన ఒక్క మంచి పట్ కూడా జట్టుకు లాభమే.

నిపుణుడి డ్రైవ్‌లనే పదేపదే వాడకుండా, ప్రతి సభ్యుడి తొలి షాట్‌ను కనీసం మూడు లేదా నాలుగు సార్లు ఎంచుకోవాలన్న షరతు చాలాచోట్ల పెడతారు. సమతూకాన్ని కాపాడేది ఈ షరతే.

స్టేబుల్‌ఫర్డ్

ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ రూపొందించిన ఈ పాయింట్ల విధానాన్ని 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్‌లో అమలు చేశారు. పార్‌కు 2, బోగీకి 1, బర్డీకి 3, ఈగిల్‌కు 4 పాయింట్లు. అంతకంటే చెడిన హోల్‌కు సున్నా. పాయింట్ రాదని తేలగానే బంతి ఎత్తేసి ముందుకు సాగవచ్చు. నలుగురిలో ఉత్తమమైన రెండు స్కోర్లను కలిపితే ఇది జట్టు ఆటగా మారుతుంది.

హ్యాండికాప్ లెక్క

జట్ల మధ్య న్యాయం హ్యాండికాప్ వాటాపై ఆధారపడుతుంది. ప్రపంచ హ్యాండికాప్ విధానం సిఫార్సుల ప్రకారం ఫోర్‌సమ్స్‌లో ఇద్దరి మొత్తంలో 50 శాతం తీసుకుంటారు. గ్రీన్‌సమ్స్‌లో తక్కువ హ్యాండికాప్‌లో 60 శాతం, ఎక్కువ దానిలో 40 శాతం కలుపుతారు. ఉదాహరణకు 10, 30 హ్యాండికాప్‌లున్న జంటకు ఫోర్‌సమ్స్‌లో 20, గ్రీన్‌సమ్స్‌లో 18 వస్తుంది.

నలుగురి స్క్రాంబుల్‌లో తక్కువ హ్యాండికాప్ నుంచి మొదలుపెట్టి వరుసగా 25, 20, 15, 10 శాతం తీసుకుంటారు. 8, 16, 24, 36 ఉన్న జట్టుకు మొత్తం 12.4, అంటే 12 స్ట్రోకులు.

ముందే తేల్చుకోవాల్సినవి

స్క్రాంబుల్‌లో ఎంచుకున్న చోటు నుంచి బంతిని ఎంత దూరంలో పెట్టవచ్చు, ఇసుక గుంతలో ఉంటే అందరూ అక్కడి నుంచే ఆడాలా, ఎవరి డ్రైవ్‌లు ఎన్ని వాడాలి అన్నవి తొలి షాట్‌కు ముందే నిర్ణయించుకోవాలి. స్క్రాంబుల్ స్కోరు వ్యక్తిగత హ్యాండికాప్‌కు లెక్కకు రాదని కూడా గుర్తుంచుకోవాలి.

అనుభవంలో పెద్ద తేడా ఉన్న బృందం స్క్రాంబుల్‌తో మొదలుపెట్టి, కొత్తవారికి నమ్మకం కుదిరాక గ్రీన్‌సమ్స్‌కు, ఆపై ఫోర్‌బాల్‌కు మారడం మేలు. ఫోర్‌సమ్స్‌ను చివరికి ఉంచుకోవచ్చు.