పాత మోటారు సైకిలు, దాని కార్బురేటరు

ఏలూరు నుండి కైకలూరు పోవు రోడ్డు కొల్లేటిని దాటి పోతుంది. వానాకాలములో ఆ ప్రాంతపు గాలి నిండా తేమయే. ఆ నెలలన్నీ వసారాలో ఊరక నిలిచిన పాత బుల్లెట్టును కార్తికమాసములో బయటికి తీసి ఎన్నిసార్లు కిక్కు కొట్టినా పలుకదు. బండి ముసలిదైనదని తీర్పు చెప్పుట తేలిక. కాని చాలసార్లు రోగము చిటికెన వ్రేలి గోరంత ఇత్తడి జెట్టులో ఉంటుంది. కార్బురేటరులోని ఒక్కొక్క భాగము ఒక్కొక్క చిక్కును తీర్చుటకు పుట్టినది కనుక, దాని చరిత్ర తెలిసినవారికి దాని రోగము కూడ తెలుస్తుంది.

పెట్రోలు ఆవిరియై గాలితో కలిసినగాని ఇంజనులో సరిగా మండదు. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళు గాలి కావలెను. 1894లో అమ్మకమునకు వచ్చిన హిల్డెబ్రాండ్–వోల్ఫ్‌ముల్లర్ మోటారు సైకిలులో గాలిని పెట్రోలు పైగా పోనిచ్చి ఆవిరిని పట్టేవారు. తేలిక భాగములు ముందే ఎగిరిపోయి బరువైనవి అడుగున మిగిలేవి. చలికొక తీరు, ఎండకొక తీరు! అంతకు ముందటి ఏడే, 1893లో, హంగరీలో బాంకి, చోంకా అనువారును, జర్మనీలో మైబాఖును విడివిడిగా పెట్రోలును సన్నని రంధ్రమునుండి తుంపరగా చిమ్మించు సాధనమును రూపొందించినారు.

దీని సూత్రము 1738లోనే బెర్నూలీ గ్రంథస్థము చేసినది. ఇరుకు గొంతులో గాలి వేగము హెచ్చుతుంది, పీడనము తగ్గుతుంది. అప్పుడు ఫ్లోటు గదిలోని పెట్రోలును బయటి గాలి పీడనము జెట్టు గుండా పైకి నెట్టుతుంది. ఆ గదిలో పెట్రోలు మట్టమును కాపాడునది బోలు ఇత్తడి ఫ్లోటు.

1942 ప్రాంతమున తాడేపల్లిగూడెములో యుద్ధవిమానములకు రన్‌వే వేసిన రోజులలో బ్రిటిషు సైన్యము నడిపిన బి.యస్.ఏ., నార్టన్ బండ్లకు ఉన్నది అమాల్ కార్బురేటరే. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపితమై బుల్లెట్టు మన దేశపు బండి అయినది.

ఇక పరీక్ష. తేమ సీమలో ముందు ప్లగ్గులో నిప్పురవ్వ వస్తున్నదో లేదో చూడవలెను. కార్బురేటరు చేయని తప్పులు కూడ దాని మీద పడుతుంటాయి. రవ్వ బాగున్న పిమ్మట ప్లగ్గు రంగు చూడవలెను. మసిపట్టిన నలుపైతే మిశ్రమము చిక్కన; తెల్లగా కాలితే పలుచన. పెట్రోలు పొంగి కారుతున్నదంటే ఫ్లోటుకు చిల్లి పడి మునిగినదేమో! విప్పి చెవివద్ద ఊపితే లోన గలగలమంటుంది. నిప్పు దరిదాపుల లేని చోట వేడినీటిలో ముంచితే చిల్లి ఉన్నచోట బుడగలు వస్తాయి. నిదానములో ఆగిపోతూ వేగములో బాగా నడిచే బండికి పైలట్ జెట్టు పూడినది. పూర్తి వేగములో మాత్రమే తడబడితే మెయిన్ జెట్టును చూడవలెను. జెట్టును తీగతో పొడువరాదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రము పెద్దదైతే కొలత తప్పుతుంది. గాలి ఊదితే చాలును.

ఈ పాత బండ్లకు కొత్తగా వచ్చిన చిక్కు పెట్రోలులోనే ఉన్నది. అందులో ఇథనాలు పాలు 2022లో 10 శాతమునకు, 2025లో 20 శాతమునకు చేరినది. ఇథనాలుకు 9 పాళ్ళ గాలియే చాలును. 20 శాతము కలిసిన ఇంధనమునకు సుమారు 13.5. పాత జెట్టు గుండా అంతే ఇంధనము వస్తే మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కుతుంది. కొద్దిగా పెద్ద మెయిన్ జెట్టు వేయుటో, నీడిలును ఒక గాడి పైకి లేపుటో దానికి చికిత్స. అంతకన్న చెడ్డది తేమ. ఇథనాలు గాలిలోని నీటిని పీల్చుకొంటుంది. నీరు మితిమీరితే రెండును కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగునకు దిగుతాయి. ఫ్లోటు గదిలోను అడుగుననే చేరి, లోహమును తిని, ఆ పొట్టుతో పైలట్ జెట్టును మూస్తాయి. పాత రబ్బరు, బెండు సీళ్ళు కూడ ఉబ్బి చెడుతాయి.

అందుచేత జ్యేష్ఠమాసములో, మొదటి వాన పడకముందే, ట్యాంకు ఖాళీచేసి, కుళాయి కట్టి, ఇంజను తనంతట ఆగువరకు ఆరుబయట నడిపి, ఫ్లోటు గదిని తుడిచి పెట్టిన బుల్లెట్టునకు కార్తికములో కొత్త పెట్రోలు పోసి నాలుగు కిక్కులు కొట్టితే చాలును.